పెట్రోల్ లైటు వెలిగాక కారు ఇంకా ఎంత దూరం పోతుంది?

కారులో నలుగురు ఉన్నప్పుడు మీటర్లో పసుపు లైటు వెలిగితే మూడు లెక్కలు వినిపిస్తాయి. "రిజర్వ్‌లో పడింది అంతే, ఇంకో యాభై ఢోకా లేదు" అంటాడు స్టీరింగ్ పట్టుకున్నవాడు. వెనక సీట్లోంచి ఒకరు ఎనభై పోతుందంటారు, ఇంకొకరు మా బావ కారైతే వంద లాగింది అంటారు, పక్క సీట్లో ఉన్న మనిషి ఏమీ అనకుండా రోడ్డుకి రెండు వైపులా బంక్ కోసం వెతుకుతూ ఉంటుంది. తమాషా ఏమిటంటే వీళ్ళలో ఎవరి లెక్కా పూర్తిగా తప్పు కాదు. అదే కారు, అదే లైటు, ఒకరోజు ఎనభై కిలోమీటర్లు హాయిగా పోతుంది, ఇంకోరోజు నలభై దాటగానే మొరాయిస్తుంది. ఆ లైటుకి తెలిసింది ట్యాంకులో ఎంత మిగిలిందనేది ఒక్కటే, అదీ ఉజ్జాయింపుగా. ముందు ఘాట్ రోడ్డు ఉందో ట్రాఫిక్ జామ్ ఉందో దానికేం తెలుస్తుంది?

ముందు లీటర్ల సంగతి చూద్దాం. లైటు ఇన్ని లీటర్ల దగ్గరే వెలగాలని అన్ని కంపెనీలకీ కలిపి ఒక అంకె ఏదీ లేదు, ఎవరి లెక్క వాళ్ళది. మామూలుగా ట్యాంకులో పదో వంతు నుంచి ఆరో వంతు దాకా మిగిలినప్పుడు వెలిగేలా పెడతారు. క్విడ్ ట్యాంకు 28 లీటర్లు, వ్యాగనార్‌ది 32, స్విఫ్ట్‌ది 37, నెక్సాన్‌ది 44, క్రెటాది 50, ఇన్నోవా క్రిస్టాది 55, ఫార్చ్యూనర్‌ది 80. కాబట్టి చిన్న కారులో లైటు వెలిగేసరికి నాలుగు నుంచి ఆరు లీటర్లు, పెద్ద బండ్లలో ఎనిమిది, కొన్నిట్లో అంతకంటే ఎక్కువే ఉండొచ్చు. చాలా కార్ల మాన్యువల్లో ఈ అంకె ఉంటుంది కూడా, కాకపోతే ఆ పుస్తకం డ్యాష్‌బోర్డు అరలో ఇన్సూరెన్స్ కాగితాల కింద ప్లాస్టిక్ కవర్ కూడా విప్పకుండా పడి ఉంటుంది. పెద్ద ట్యాంకు ఉన్నంత మాత్రాన లైటు వెలిగాక ఎక్కువ దూరం పోతుందనుకోవడం కూడా సరికాదు. ఫార్చ్యూనర్‌లో పది లీటర్లు మిగిలినా అది లీటరుకు పది ఇస్తే వంద కిలోమీటర్లు, వ్యాగనార్‌లో ఐదు మిగిలి అది ఇరవై ఇస్తే అదీ వందే.

ఇక ఈ లైటు ఎలా వెలుగుతుందో తెలిస్తే దాన్ని ఎంత నమ్మాలో కూడా తెలుస్తుంది. ట్యాంకు లోపల, ఇంజన్‌కి పెట్రోల్ తోడే పంపుని ఆనుకుని, సన్నటి కమ్మీ ఒకటి ఉంటుంది, దాని చివర ఒక ఫ్లోటు. మేడ మీద నీళ్ళ ట్యాంకులో బాల్ ఎలా పైకీ కిందికీ ఆడుతుందో ఇదీ అంతే. పెట్రోల్ తగ్గితే ఫ్లోటు దిగుతుంది, కమ్మీ తిరుగుతుంది, దాని రెండో కొసన ఉన్న చిన్న లోహపు ముక్క ఒక రెసిస్టెన్స్ పట్టీ మీద జరుగుతుంది. అది ఎక్కడ ఉందనేదాన్ని బట్టి కరెంటు మారుతుంది, ముల్లు కదులుతుంది. పాత కార్లు కొన్నింటిలో లైటుకి విడిగా ఇంకో ఏర్పాటు ఉండేది. ట్యాంకు అడుగుకి కాస్త పైన థర్మిస్టర్ అని, వేడిని బట్టి కరెంటుకి అడ్డు మారే చిన్న ముక్క ఒకటి పెట్టేవాళ్ళు. అది పెట్రోల్లో మునిగి ఉన్నంతసేపు చల్లగా ఉండి కరెంటుని సరిగా పోనివ్వదు, పెట్రోల్ దిగిపోయి అది బయటపడగానే వేడెక్కి కరెంటుకి దారి ఇస్తుంది, లైటు వెలుగుతుంది. ఇప్పటి కార్లలో ఫ్లోటు రీడింగే మీటర్‌లోని కంప్యూటర్‌కి పోతుంది, అది ఒక గీత దాటిందని నిర్ధారణ చేసుకున్నాక లైటు వేస్తుంది. నిర్ధారణ అని ఎందుకనాల్సి వస్తోందంటే, బండి కదులుతున్నంతసేపూ ట్యాంకులో పెట్రోల్ అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది, ఆ ఊపుకి ముల్లు కూడా ఊగితే చూసేవాడికి పిచ్చెక్కుతుంది కాబట్టి కంప్యూటర్ కొంతసేపటి రీడింగుల సగటు తీసి మరీ చూపిస్తుంది.

ఇంత చేసినా ఎత్తు ఎక్కేటప్పుడు లైటు వెలిగి, దిగేటప్పుడు ఆరిపోవడం చాలామంది చూసే ఉంటారు. లైటు పాడైందని అనుకోవడం తొందరపాటు. ఎత్తు మీద పెట్రోల్ అంతా ట్యాంకులో ఒక పక్కకి చేరుతుంది, ఫ్లోటు ఉన్నచోట లోతు మారిపోతుంది. అలా వెలిగి ఆరుతోందంటే సరిగ్గా గీత దగ్గర ఉన్నామని అర్థం, ఇంకో పది పదిహేను కిలోమీటర్లలో అది ఆరకుండా వెలిగే ఉంటుంది. ఏళ్ళ తరబడి వాడిన బండిలో ఆ రెసిస్టెన్స్ పట్టీ అరిగిపోతుంది, అప్పుడు మాత్రం ముల్లు చెప్పింది నమ్మడానికి లేదు, పావు ట్యాంకు చూపిస్తూనే ఆగిపోయిన కార్లు షెడ్డులకి వస్తూనే ఉంటాయి. అసలు ముల్లు కొత్తగా ఉన్నప్పుడు కూడా సమానంగా దిగదు. ఫుల్ ట్యాంకు కొట్టించాక చాలాదూరం ముల్లు ఫుల్ దగ్గరే కూర్చుంటుంది, ఎందుకంటే ఫ్లోటు పైకి వెళ్ళగలిగినంత వెళ్ళి ఆగిపోయాక కూడా దాని పైన ఇంకొన్ని లీటర్లు పట్టి ఉంటాయి. సగం దాటాక మాత్రం జారుడుబండ ఎక్కినట్టు దిగిపోతుంది. పై సగంలో మూడొందలు తిరిగాను కాబట్టి కింది సగంలోనూ మూడొందలు తిరుగుతానని లెక్కేసుకున్నవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే.

బైకులు నడిపి పెరిగినవాళ్ళకి ఇంకో అలవాటు ఉంది. కార్బ్యురేటర్ బైకులకి ట్యాంకు కింద కాక్ ఉండేది. అందులో రెండు గొట్టాలు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. పొడుగు గొట్టం అంచు కిందికి పెట్రోల్ దిగగానే బండి గుక్కపెట్టి ఆగబోతుంది, ఎడమ చేత్తో కాక్ తిప్పితే పొట్టి గొట్టం అందుకుంటుంది. అక్కడ మిగిలేది ఎంతో దాదాపు ఖాయం, కాబట్టి మన బండి రిజర్వ్‌లో ఎంత పోతుందో ప్రతివాడికీ నోటికి వచ్చేది. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారుకి కూడా 1960ల మొదలు దాకా ఫ్యూయల్ మీటరే లేదు, డ్రైవర్ కాలి దగ్గర ఇలాంటి కాక్ ఒకటి ఉండేది, అంతే. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక మన బైకులు కూడా దాదాపు అన్నీ కంప్యూటర్ కొలిచి పెట్రోల్ చిమ్మే ఇంజెక్షన్‌కి మారిపోయి ఆ కాక్ మాయమైంది. కారులో అలాంటి వేరే అర ఏదీ లేదు. ఉన్నది ఒకటే ట్యాంకు, ఒకటే పంపు, లైటు వెలగడానికి ముందూ తర్వాతా పెట్రోల్ వచ్చేది ఆ అడుగు నుంచే.

లైటు కంటే ఎక్కువ మోసం చేసేది దాని పక్కన కనిపించే అంకె. ఇంకా 90 కిలోమీటర్లు అని డిజిటల్‌గా చూపిస్తుంటే ఎవరైనా నమ్ముతారు. అది వచ్చే విధానం చూడండి. ట్యాంకులో మిగిలిన లీటర్లని ఇప్పటిదాకా వచ్చిన మైలేజ్‌తో గుణిస్తారు, అంతే. ఇప్పటిదాకా అంటే కొన్ని కార్లలో గత కొద్ది కిలోమీటర్లు, కొన్నింటిలో చాలా దూరం. విజయవాడ నుంచి హైవే మీద లీటరుకు 18 చొప్పున ఇచ్చుకుంటూ వచ్చిన కారులో ఐదు లీటర్లు మిగిలితే 90 అని కనిపిస్తుంది. సాయంత్రం ఏడు గంటలకి ఆ కారు గచ్చిబౌలి వైపు ట్రాఫిక్‌లో పడింది, ఏసీ ఆడుతోంది, ఫస్ట్ గేరు, సెకండ్ గేరు, మళ్ళీ ఫస్ట్. అక్కడ లీటరుకు 9 కూడా గగనం. పది కిలోమీటర్లు పాకేసరికి లీటరు పైచిలుకు ఖర్చవుతుంది, ఈలోగా సగటు కూడా 18 నుంచి 14కి దిగుతుంది, మిగిలింది 3.9 లీటర్లు. స్క్రీన్ మీద 55. పోయింది పది కిలోమీటర్లు, తగ్గింది ముప్ఫై అయిదు. కారు అబద్ధం చెప్పలేదు, వెనక జరిగినదాన్ని చూసి ముందు జరగబోయేది చెప్పమంటే అంతకంటే ఏం చెబుతుంది.

ఇదే రివర్స్‌లో కూడా జరుగుతుంది. ఘాట్ ఎక్కి పైకి చేరేసరికి 40 చూపిస్తున్న కారు, కిందికి దిగేసరికి 60 చూపిస్తుంది, మధ్యలో ఎవరూ చుక్క పెట్రోల్ పోయలేదు. కొన్ని కార్లలో అంకె బాగా తగ్గాక అసలు చూపించడం మానేసి గీతలు పెట్టేస్తారు, అది చూసి పెట్రోల్ అయిపోయిందని హడలిపోనక్కర్లేదు, ఇకపై చెప్పే అంకెకి పూచీ లేదని కంపెనీ చేతులెత్తేసిందన్నమాట. ఇంకో చిక్కు ఏమిటంటే, రెండొందలకో మూడొందలకో పోయిస్తే కంప్యూటర్ దాన్ని గమనించకపోవచ్చు. హ్యుందాయ్ మాన్యువళ్ళలోనైతే 6 లీటర్ల కంటే తక్కువ పోస్తే లెక్కలోకి రాకపోవచ్చని రాసే ఉంటుంది. బంక్‌లో పోయించుకున్నాక కూడా లైటు ఆరలేదని పెట్రోల్ పోసే కుర్రాడి మీద అరిచే ముందు ఈ సంగతి గుర్తుండాలి.

దూరాన్ని నిజంగా నిర్ణయించేది రోడ్డు, ఆ తర్వాత యాక్సిలరేటర్ మీద కాలు. ట్రాఫిక్‌లో ఆగి ఉన్న చిన్న కారు ఏసీ వేసుకుని గంటసేపు ఇంజన్ ఆన్‌లో ఉంచితే సుమారు లీటరు తాగుతుంది, ఒక్క అంగుళం కూడా కదలకుండా. రిజర్వ్‌లో ఉన్నది ఐదు లీటర్లు అయినప్పుడు లీటరంటే చిన్న విషయం కాదు. హైవే మీద శత్రువు గాలి. గంటకు 80 నుంచి 120కి పెంచితే వేగం ఒకటిన్నర రెట్లే అయింది కానీ గాలి వెనక్కి నెట్టే బలం రెండుంబావు రెట్లు అవుతుంది. లైటు వెలిగిందని కంగారుపడి, త్వరగా బంక్ చేరాలని కాలు నొక్కేవాళ్ళున్నారు చూశారూ, వాళ్ళు చేసేది సరిగ్గా దూరాన్ని తగ్గించుకోవడమే. టాప్ గేర్‌లో అరవై డెబ్బై మధ్య పెట్టి, ముందు సిగ్నల్ కనిపించగానే కాలు తీసేసి నిదానంగా పోతే అవే లీటర్లకి పది పదిహేను కిలోమీటర్లు ఎక్కువే వస్తాయి.

ఘాట్ రోడ్డు లెక్క వేరు, దీని గురించి కాస్త ఆగి మాట్లాడాలి. విశాఖ నుంచి అరకు వెళ్ళాలంటే సముద్ర మట్టం నుంచి దాదాపు 900 మీటర్ల ఎత్తుకి చేరాలి. మనుషులతో కలిపి 1,200 కిలోల బరువున్న కారుని అంత ఎత్తుకి మోయడానికే, అంటే దూరం ప్రయాణించడానికి అయ్యే పెట్రోల్ కాకుండా అదనంగా, లీటరు పైన ఖర్చవుతుంది. ఇంజన్ పెట్రోల్‌లోని శక్తిలో పావు వంతునో కాస్త ఎక్కువనో మాత్రమే చక్రాలకి ఇస్తుంది కాబట్టి ఈ లెక్క తప్పించుకోలేం. కింది గేర్లలో ఎక్కేటప్పుడు మామూలుగా 18 ఇచ్చే కారు 8కీ 9కీ పడిపోతుంది. మైదానంలో యాభై కిలోమీటర్ల భరోసా ఇచ్చే రిజర్వ్ ఇక్కడ పాతికకి కూడా హామీ ఇవ్వదు. మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు ఘాట్ అయినా అంతే, తిరుమల రెండో ఘాట్ అయినా అంతే. పైగా ఎక్కేటప్పుడు పెట్రోల్ ట్యాంకులో వెనక్కి చేరుతుంది, మలుపుల్లో పక్కకి పోతుంది, ఉన్న కాస్తా పంపుకి అందకుండా గాలి పీల్చే ప్రమాదం ఉంది.

దిగేటప్పుడు మాత్రం పెట్రోల్ మిగుల్తుంది, కానీ చాలామంది దాన్ని మిగిల్చే పద్ధతి తప్పు. తిరుమల నుంచి 1944లో వేసిన మొదటి ఘాట్ మీదుగా దిగుతూ న్యూట్రల్ చేసేసి బండిని వదిలేసే డ్రైవర్లు ఇప్పటికీ కనిపిస్తారు. కార్బ్యురేటర్ రోజుల్లో అందులో ఎంతోకొంత అర్థం ఉండేదేమో. ఇప్పటి ఇంజెక్షన్ బండ్లలో గేర్‌లో ఉంచి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు పూర్తిగా తీసేస్తే ఇంజన్‌కి పెట్రోల్ పోవడమే ఆగిపోతుంది, చక్రాలే ఇంజన్‌ని తిప్పుతుంటాయి. న్యూట్రల్‌లో పెడితే ఇంజన్ ఆగకుండా తిరగడానికి పెట్రోల్ పోయాల్సి వస్తుంది. అంటే న్యూట్రల్ వేసినవాడు పెట్రోల్ ఎక్కువ తగలేస్తూ, ఇంజన్ బ్రేకింగ్ పోగొట్టుకుని, బ్రేకులు కాల్చుకుంటూ దిగుతున్నాడు. ఒక్క చుక్క కూడా ఆదా కాని పని కోసం ఇంత రిస్కు.

బంకులు ఎక్కడున్నాయనేది ఇంకో సగం కథ. ఊళ్ళో లైటు వెలిగితే అది కేవలం గుర్తు చేసినట్టు. నల్లమలలో వెలిగితే ఆ లెక్కే వేరు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే దారి మన్ననూరు దాటాక అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోంచి పోతుంది, రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేట్లు వేసేస్తారు. ఆ దారిలో బండి ఆగకూడదు, ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకూడదు. అడవిలోకి పోయే ముందే అచ్చంపేట వైపు పోయించుకోవడం అక్కడి డ్రైవర్లకి ఎవరూ చెప్పక్కర్లేని అలవాటు. 158 కిలోమీటర్ల హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద బాధ ఇంకో రకం, పక్కనే సర్వీస్ రోడ్డు మీద బంక్ కనిపిస్తూనే ఉంటుంది, కంచె అడ్డం, తర్వాతి ఎగ్జిట్ వచ్చేదాకా దిగడానికి లేదు. అమెరికాలో ఉన్న మనవాళ్ళలో డెన్వర్ నుంచి లాస్ వేగాస్ వైపు కారేసుకుని పోయినవాళ్ళకి యూటాలో గ్రీన్ రివర్ ఊరు గుర్తుండే ఉంటుంది. అక్కడి నుంచి సలైనా దాకా ఐ-70 హైవే మీద వంద మైళ్ళకి పైగా బంక్ అన్నదే లేదు, ముందే బోర్డు పెట్టి చెబుతారు. లైటు వెలిగాక ఆ బోర్డు దాటిన కారుకి ఏ లెక్కా సాయం చేయదు.

మరి లైటు వెలిగినా ఎందుకు లాగుతారంటే బద్ధకం ఒక కారణం, డబ్బు ఇంకో కారణం. పెట్రోల్ మీద రాష్ట్ర పన్ను ఏపీలో, తెలంగాణలో ఎక్కువ, పక్కన కర్ణాటకలో తక్కువ. అనంతపురం, చిత్తూరు వైపు వాళ్ళు బెంగళూరు పోతూ బోర్డర్ దాటేదాకా పోయించకుండా ఆగడం మామూలే, బోర్డర్‌లో బంకులవాళ్ళు కూడా కర్ణాటక రేటు అని పెద్ద అక్షరాలతో బోర్డులు పెడతారు. కాకినాడ వైపు వాళ్ళకి యానాం ఉంది, పుదుచ్చేరి పన్ను కాబట్టి అక్కడ చౌక. లీటరుకు పది రూపాయల తేడా ఉందనుకున్నా 30 లీటర్లకి 300 మిగులుతుంది, అది కాదనలేం. కానీ ఆ 300 కోసం రిజర్వ్‌ని పూర్తిగా ఊడ్చేయాల్సిన పనిలేదు, బయల్దేరేముందు రెండు లీటర్లు ఇక్కడే పోయిస్తే పోయేది 20 రూపాయలు. ట్యాంకు ఖాళీగా ఉంటే బరువు తగ్గి మైలేజ్ పెరుగుతుందనే వాదన కూడా వినిపిస్తుంటుంది. 20 లీటర్ల పెట్రోల్ బరువు 15 కిలోలు. డిక్కీలో వారాల తరబడి తిరుగుతున్న సామాను అంతకంటే ఎక్కువే ఉంటుంది.

ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ గురించి కూడా ఒక మాట, ఎందుకంటే ఈమధ్య మైలేజ్ ఏ కారణంతో తగ్గినా నింద దాని మీదికే పోతోంది. ఇథనాల్‌లో లీటరుకి ఉండే శక్తి పెట్రోల్‌తో పోలిస్తే సుమారు మూడింట రెండు వంతులే, కాబట్టి 20 శాతం కలిపితే కొంత తగ్గడం ఖాయం. పాత పెట్రోల్ కోసం తయారై ఈ10కి సర్దిన కార్లలో 6 నుంచి 7 శాతం తగ్గుతుందని 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. నెల పొడుగునా చూస్తే అది జేబుకి తగిలే దెబ్బే. రిజర్వ్ లెక్కలో చూస్తే మాత్రం 90 కిలోమీటర్లు పోయేది 84 పోతుంది. ట్రాఫిక్‌లో అరగంట ఏసీ అంతకంటే ఎక్కువ తింటుంది.

ఇక రిజర్వ్‌లో తిప్పితే బండి పాడవుతుందా అనే ప్రశ్న. ట్యాంకు అడుగున ఉన్న మడ్డి అంతా ఇంజన్‌లోకి పోతుందని పెద్దలు చెబుతుంటారు, అది సగమే నిజం. పంపు ఫుల్ ట్యాంకు ఉన్నప్పుడు కూడా అడుగు నుంచే లాగుతుంది, మడ్డి ఉంటే రోజూ పోతూనే ఉంది, దాన్ని ఆపడానికే జల్లెడ, ఫిల్టర్ ఉన్నాయి. అసలు భయపడాల్సింది పంపు గురించి. అది ట్యాంకులో మునిగి ఉండే ఎలక్ట్రిక్ మోటరు, దాన్ని చల్లబరిచేదీ, దాని లోపలి భాగాలు అరగకుండా చూసేదీ అందులోంచి పారే పెట్రోలే. దాని చుట్టూ ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది, ట్యాంకులో తక్కువ ఉన్నా డబ్బాలో కాస్త నిండుగా ఉండేలా ఏర్పాటు చేస్తారు, కాబట్టి లైటు వెలిగిన మరుక్షణం పంపుకి ఏదో అయిపోదు. నెలకోసారి రిజర్వ్‌లో పడినందుకు ఏ పంపూ చావదు. ఎప్పుడు చూసినా వంద రూపాయల పెట్రోల్‌తో, ఎండాకాలంలో, ముల్లు అడుగున ఆనించుకుని తిప్పే బండిలో మాత్రం పంపు వేడెక్కుతుంది, గాలి కలిసిన పెట్రోల్ లాగుతుంది, దాని ఆయుష్షు తగ్గుతుంది. అది మార్చాలంటే ఖర్చు వేలల్లో. ఇంజన్ చివరి చుక్కలతో తడబడుతూ నడిచేటప్పుడు సరిగ్గా మండని పెట్రోల్ సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌కి పోయి అక్కడ మండుతుంది, దానికీ మంచిది కాదు.

మన కారు అంకె ఎంతో తెలుసుకోవడానికి ఎవర్నీ అడగక్కర్లేదు, బండిని ఆగిపోయేదాకా నడపక్కర్లేదు. లైటు వెలగగానే ట్రిప్ మీటర్ జీరో చేసి నేరుగా బంక్‌కి పోయి ఆటో కట్ అయ్యేదాకా పోయించి బిల్లు చూస్తే చాలు. 37 లీటర్ల స్విఫ్ట్‌లో 31.2 పట్టిందనుకుందాం, అప్పటికి మిగిలి ఉన్నది 5.8. లైటు వెలిగాక 12 కిలోమీటర్లు వచ్చి ఉంటే లీటరుకు 15 చొప్పున 0.8 ఖర్చయింది, అంటే లైటు వెలిగింది 6.6 లీటర్ల దగ్గర. ఇందులో రెండు లీటర్లు లేవనే అనుకోవాలి, ఎత్తుపల్లాల్లో పంపుకి అందకపోవచ్చు, లెక్కలో తేడా ఉండొచ్చు. మిగిలిన నాలుగున్నరని ఊళ్ళో వచ్చే 10తో గుణిస్తే 45, హైవేలో వచ్చే 18తో గుణిస్తే 80. కారులో ముగ్గురూ చెప్పిన అంకెలు వేర్వేరుగా ఎందుకున్నాయో ఇక్కడ తేలిపోతుంది, వందన్న బావగారు ఆ రెండు లీటర్లు కూడా వాడేసి ఉంటారు. ఒక్కోసారి 37 లీటర్ల ట్యాంకులో 39 పట్టిందని బిల్లు వస్తుంది, వెంటనే బంక్ వాడు మోసం చేశాడని గొడవ మొదలవుతుంది. మోసాలు లేవని కాదు గానీ, కంపెనీ రాసే సామర్థ్యంలో పైన ఆవిరి కోసం వదిలే ఖాళీ, మూత దాకా ఉన్న గొట్టం కలవవు, ఆటో కట్ తర్వాత కూడా కుక్కి కుక్కి పోయిస్తే అవి కూడా నిండుతాయి. అలా కుక్కి పోయించడం ఆవిరిని పట్టుకునే క్యానిస్టర్‌కి చేటు, లెక్కకీ చేటు.

ఇన్ని చెప్పుకున్నా ఆగిపోయే బండ్లు ఆగిపోతూనే ఉంటాయి. మొదట యాక్సిలరేటర్ తొక్కినా స్పందన ఉండదు, బండి కుదుపులిస్తుంది. అప్పటికింకా వేగం ఉంటుంది కాబట్టి ఇండికేటర్ వేసి ఎడమకి తీసేయాలి, ఇంజన్ ఆగాక బ్రేకుకి సాయం చేసే వాక్యూమ్ ఒకటి రెండుసార్లు నొక్కడానికే సరిపోతుంది, ఆపైన పెడల్ బిగుసుకుపోతుంది. తాళం మాత్రం తీయకూడదు, స్టీరింగ్ లాక్ పడుతుంది. నేషనల్ హైవే అయితే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయొచ్చు. జర్మనీలో ఆటోబాన్ మీద పెట్రోల్ అయిపోయి ఆగితే జరిమానా కూడా పడుతుంది, ముందే చూసుకోవాల్సిన విషయం కాబట్టి అక్కడ దాన్ని సాకుగా ఒప్పుకోరు. మన దగ్గరైతే నీళ్ళ బాటిల్ పట్టుకుని బంక్‌కి నడిచి వెళితే చాలాచోట్ల పోయరు, పోసినా ప్లాస్టిక్ బాటిల్‌లో పెట్రోల్ తేవడం ప్రమాదమే, మూత గట్టిగా పడే సరైన క్యాన్ కావాలి.

డీజిల్ బండి అయితే పోయగానే స్టార్ట్ అవుతుందనుకోవద్దు. పైపుల్లో గాలి పట్టి ఉంటుంది, పాత జీపులూ బొలెరోలకైతే ఫిల్టర్ దగ్గర చేతి పంపు కొట్టి ఆ గాలి తీసేవాళ్ళు. ఇప్పటి డీజిల్ బండ్లలో ఉండే కామన్ రైల్ ఇంజన్లలో హై ప్రెషర్ పంపుకి డీజిలే లూబ్రికేషన్, పొడిగా తిరిగితే అది అరుగుతుంది, కాబట్టి సెల్ఫ్ మీద సెల్ఫ్ కొట్టడం కంటే మెకానిక్‌ని పిలవడమే చౌక. పెట్రోల్ కారుకి అంత తంటా లేదు. తాళం ఆన్ చేసి రెండు మూడు సెకన్లు ఆగి ఆఫ్ చేయాలి, ఇలా మూడు నాలుగుసార్లు చేస్తే పంపు పైపుల్ని నింపుకుంటుంది, అప్పుడు స్టార్ట్ చేయాలి. పోసేది మాత్రం ఒక్క లీటరుతో సరిపెట్టకండి. బండి ఎత్తు మీద ఆగి ఉంటే ఆ లీటరు ట్యాంకులో ఓ మూలకి చేరి పంపుకి అందకుండా ఉండిపోవచ్చు, కనీసం మూడు నాలుగు లీటర్లు పోసి, వీలైతే బండిని చదునైన చోటికి నెట్టి అప్పుడు ప్రయత్నించాలి.